పక్షుల లెక్క రాసే మా వదిన

ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా ఇంట్లో ఆ వాటా కాస్త పెరిగింది: మా ఆయన పావు, మా వదిన ముప్పావు. ఇది ఫిర్యాదు కాదు, ఉన్నమాట. ఆవిడ గురించి చెప్పాలంటే ఉన్నమాట తప్ప వేరేది చెప్పడానికి నాకు భయం కూడాను.

మా ఆయనకు ఆవిడ అక్క. పందొమ్మిదో ఏట పెళ్ళి చేశారట. ఎనిమిది నెలలకు పెట్టె పట్టుకుని తిరిగొచ్చిందట. ఎందుకొచ్చావని అడిగే ధైర్యం ఆ రోజు ఇంట్లో ఎవరికీ లేకపోయింది, ఇవాళ్టికీ లేదు. అప్పటినుంచి మా వెనక గది ఆవిడది. ఒక మంచం, ఒక కిటికీ, గోడకు మేకు మీద వానకోటు. కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది కాబట్టి ముందుగదిలోకి మారమన్నా మారదు.

తిరిగొచ్చిన ఏడాదే సరస్సు ఒడ్డున పక్షుల కాపలా ఆఫీసులో ఊడ్చే పనికి కుదిరింది. ఊడ్చింది ఆరు నెలలే. పక్షుల లెక్క రాసే మనిషి జ్వరంతో పడుకున్న వారం, బల్ల మీదున్న దుర్భిణీ అందుకుని ఆ పని తనే చేసింది. అతను లేచి వచ్చి ఆ లెక్కలు నవ్వి కొట్టిపారేశాడట. అయితే ఒకే గుంపును ఇద్దరూ లెక్కపెట్టండని అప్పటి పెద్ద సారు పందెం పెట్టి, ఫోటో తీయించి, ఫోటోలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టించాడట. ఆ తర్వాత అతను వేరే ఉద్యోగం చూసుకున్నాడు.

ఆవిడ పద్ధతి ఆవిడది. చెయ్యి చాచి పిడికిలి ఎత్తుతుంది. ఆ పిడికిలి వెనక దాగేటన్ని పక్షులను ముందు విడివిడిగా లెక్కపెడుతుంది. ఆ తర్వాత గుంపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎన్ని పిడికిళ్ళుందో చూస్తుంది. ఆఫీసులో అందరూ ఆవిడను పిడికిలమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి. ఇరవయ్యేడేళ్ళ రిజిస్టర్లు అక్కడ ఇనప బీరువా నిండా ఉన్నాయి, అన్నీ ఆవిడ చేతిరాతే. పక్షుల సంఖ్య, గాలి, నీటిమట్టం, ఒడ్డున జరిగిన గొడవలు, అన్నీ రాస్తుంది. చూసింది రాస్తాను, విన్నది రాస్తాను, అనుకున్నది మాత్రం రాయను అంటుంది. ఈ విన్నది రాయడమే మా కొంప ముంచబోయింది.

మా ఆయన చేపలు పడతాడు. మంచివాడు, పనిమంతుడు, నోటికి మాత్రం తలుపు లేదు. ఆ చలికాలం మొదట్లో నీటికాకులు వలలోకి దూరి చేపలు తిని, వల చింపి పోయాయి. వారంలో మూడుసార్లు అలా జరిగేసరికి, ఒడ్డున కూర్చుని వల కుట్టుకుంటూ, వినేవాళ్ళున్నారో లేదో చూసుకోకుండా, ఈ చెరువులో పక్షులన్నిటికీ ఒకరోజు మందు పెట్టి చంపుతానన్నాడు. వినేవాళ్ళున్నారు. వాళ్ళక్కే ఉంది. ఆ సాయంత్రం రిజిస్టరులో గాలి, నీటిమట్టం రాశాక, ఫలానా బెస్తవాడు, నా తమ్ముడు, ఇలా అన్నాడు అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టింది.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం, తెల్లవారి మంచు విడేసరికి ఒడ్డున పధ్నాలుగు పెద్ద బాతులు చచ్చి ఉన్నాయి. ఏటా చలికి దూరదేశాల నుంచి వచ్చే రకం, తల మీద నల్ల చారలుంటాయి. మంగళవారానికి అవి ముప్ఫైఒకటయ్యాయి. పక్షుల కాపలా ఆఫీసరు జీపు దిగాడు. ఆ పదవిలోకి వచ్చి నాలుగు నెలలైన మనిషి, బూట్లకు బురద అంటకుండా నడిచే మనిషి. అతను బాతులను చూసింది తక్కువ, రిజిస్టరు తిరగేసింది ఎక్కువ. ఆ వాక్యం దొరికింది. మధ్యాహ్నానికి మా పడవ, వలలు ఆఫీసు ఆవరణలో గొలుసు వేసి ఉన్నాయి. శుక్రవారం విచారణ అన్నారు. విషం పెట్టలేదని ఆలోగా రుజువు చూపకపోతే చేపల లైసెన్సు రద్దు, ఆపైన కేసు. మాకు ఆ సరస్సు తప్ప పొలం లేదు, కొట్టు లేదు. మా ఆయనకు వేరే పని రాదు.

ఆ సాయంత్రం నేను వెనక గది గుమ్మంలో నిలబడ్డాను. నా జీవితంలో ఆవిడ మీద అరిచింది ఆ ఒక్కరోజే.

"ఆ పేజీ చించెయ్యి వదినా. ఒక్క పేజీ. నీ తమ్ముడి బతుకు."

"ఒక్క పేజీ చించితే, మిగతావాటిని ఎవరు నమ్ముతారే?"

"నమ్మకపోతే పోనీ. ఆ పక్షులు నీకు కూడు పెడతాయా?"

"పెడుతున్నాయిగా, ఇరవయ్యేడేళ్ళ నుంచి," అంది మంచం మీద కూర్చుని జోళ్ళ బురద గీకుతూ.

ఆ పూట ఆవిడకు నేను కంచం పెట్టలేదు. తనే పెట్టుకుని తిని, కడిగి బోర్లించి, పక్కనే నేను తినకుండా వదిలేసిన నా కంచం కూడా కడిగి పెట్టింది. అలిగినవాళ్ళకు ఇంతకు మించిన అవమానం ఉండదు. అప్పుడు తీరిగ్గా నా దగ్గరికి వచ్చి, ఇది విషం కాదు, జబ్బు అని చెప్పింది. అదేదో నాకు తెలియని వంట గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. విషం పెడితే పెట్టినచోట చస్తాయట. ఇవి ఉత్తరం గట్టున చచ్చాయి, దక్షిణం బురదలో చచ్చాయి, మధ్యలో తిన్నెల మీదా చచ్చాయి. గడ్డి మేసే బాతూ చచ్చింది, చేప తినే నీటికాకీ చచ్చింది. ఆ రెండూ ఒకే మేత ఎప్పుడు తిన్నాయి? చచ్చేముందు ఒక్కో బాతు మెడ వంకర పెట్టుకుని ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. ఎప్పుడో ఒక శిక్షణలో ఇవన్నీ చెప్పారట, పక్షులకు వచ్చే ఫ్లూ అట, మనుషులకూ అంటవచ్చట. ఇంతకీ ఏం చెయ్యాలంటావని అడిగాను. పట్నంలో పశువైద్యుల ల్యాబుంది, తాజాగా చచ్చిన మూడింటిని పంపిద్దాం, వాళ్ళే చెప్తారు అంది. ఆవిడ అలా అంటే నాకు సగం భయం పోయింది. మిగతా సగం మా ఆయన వల్ల ఉండిపోయింది.

బుధవారం పొద్దున లెక్క మానడానికి వీల్లేదు కాబట్టి ల్యాబుకు మా ఆయనే వెళ్ళాలని తేలింది. వదిన చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, అప్పుడే చచ్చిన మూడు బాతులను రెండేసి సంచుల్లో చుట్టి, నీ ఐసు పెట్టెలో పెట్టి తీసుకెళ్ళు, నువ్వు ముట్టుకోవద్దు అని తమ్ముడికి పదిసార్లు చెప్పింది. అన్నీ చెప్పింది. ఒకటి చెప్పాలని మాత్రం ఆవిడకు తోచలేదు. ఎవరికి తోస్తుంది?

ముప్ఫై ఏళ్ళుగా మా ఆయన ఐసు పెట్టెలో పట్నానికి పట్టుకెళ్ళిన సరుకేదీ శుభ్రం చెయ్యకుండా వెళ్ళలేదు. పొట్ట తియ్యకుండా ఐసులో పెడితే దారిలోనే పాడవుతుందని వాళ్ళ నాన్న నేర్పాడు. రేవులో బండ మీద ఆ మూడు బాతులనూ పెట్టుకుని, ముట్టుకోవద్దన్న మాట గాలికి వదిలేసి, ఈకలు పీకి, తలలు నరికి, పొట్టలు చీల్చి, మూడు నీళ్ళతో కడిగి, ఐసులో ముచ్చటగా పేర్చుకుని బస్సెక్కాడు. తలలూ పేగులూ అన్నీ గుంట తీసి పూడ్చానని కూడా ఎక్కేముందు నాతో గొప్పగా చెప్పాడు. అప్పుడు నాకూ అందులో తప్పు కనపడలేదు. నేనూ బెస్త ఇంటి పిల్లనే కదా.

ల్యాబులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక డాక్టరమ్మ పెట్టె మూత తీసి, ఇవేమిటని అడిగిందట. జబ్బు చేసిన బాతులండి అన్నాడట. తలలేవి అని అడిగిందట. తీసేశానండి, కడిగాను కూడా అన్నాడట. ఆవిడ మూత మూసేసిందట. పరీక్షకు నమూనా తియ్యాల్సింది గొంతు నుంచి, పేగుల చివర నుంచి. ఆ రెండూ మా రేవు గుంటలో ఉన్నాయి. వండుకోవడానికి తప్ప ఇవి దేనికీ పనికిరావు, వండుకోను కూడా వండుకోవద్దు అని చెప్పి, ఏ చేతులతో కడిగావని అడిగిందట. ఈ చేతులతోనే అని రెండూ చూపించాడట. ఆ తర్వాత ఆవిడ ఫోనందుకుంది. సాయంత్రానికి మా ఆయన ఆరోగ్యశాఖ బండిలో తిరిగొచ్చాడు. వలలు పెట్టే కొట్టంలో పది రోజులు ఒంటరిగా ఉండాలి, రోజుకు రెండుసార్లు జ్వరం చూస్తారు, నేను అన్నం గుమ్మం దగ్గర పెట్టి పదడుగులు వెనక్కి జరగాలి అన్నారు. రేవులో ఆ బండనూ గుంటనూ సున్నం, మందునీళ్ళు చల్లి కడిగించారు.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు, ఈ సంగతి గురువారం ఆఫీసరు చెవిన పడింది. పొట్టలో విషం ఎవరికీ కనపడకుండా పేగులు తీసి పాతేశాడన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ డాక్టరమ్మ చేతే ఆ మాట చెప్పించడానికి శుక్రవారం విచారణకు రమ్మని ఆవిడకు కబురు కూడా పెట్టాడు. నేను కొట్టం గుమ్మానికి పదడుగుల దూరంలో కూలబడి ఏడ్చాను. లోపల మా ఆయన కూడా ఏడుస్తున్నట్టే ఉంది, నోరు మాత్రం మెదపలేదు. నోరు మెదపకపోవడం ఆయనకు అదే మొదలు. వదిన మా ఇద్దరి మధ్యా నిలబడి, వాడు చేసిన పని వెధవపనే, కానీ ఆ డాక్టరమ్మ వస్తోందంటే మంచిదే జరిగింది, ఆవిడను ఎలా రప్పించాలా అని నేను చూస్తున్నాను అంది. వేళాకోళమేమోనని ముఖంలోకి చూశాను. కాదు.

విచారణ అంటే ఆఫీసులో ముందుగది. రేకుల కప్పు, ఒక బల్ల, గోడకు సరస్సు పటం, గడ్డిపోచలు అంటుకున్న కిటికీ. బల్లకు ఆవల ఆఫీసరు, పక్కన డాక్టరమ్మ. ఇవతల మా ఆయన బదులు నేను, నా పక్కన వదిన. ఆఫీసరు ఆ వాక్యం చదివాడు, బాతుల పొట్టల సంగతి చెప్పాడు. డాక్టరమ్మ అవును, పొట్టలు లేవని ఒప్పుకుంది. అప్పుడు వదిన లేచి, తొమ్మిది రోజుల కిందటి పేజీ నుంచి చదవండి అంది. సొంత తమ్ముడి కోసం రాసుకున్న రాతలకు విలువేమిటని ఆఫీసరు రిజిస్టరు మూసేశాడు.

వదిన గొంతు పెంచలేదు. "మంగళవారం నాడు నా రాత నమ్మి నా తమ్ముడి పడవకు గొలుసు వేశారు సార్. అదే పుస్తకం, అదే చెయ్యి. వాడికి కీడు రాస్తే నిజమూ, మేలు రాస్తే అబద్ధమూనా?"

డాక్టరమ్మ రిజిస్టరు తన వైపు లాక్కుంది. తమ్ముడి మీద రాసిన వాక్యం ఒకసారి, ఆ పక్కన సంతకం ఒకసారి చూసింది. ఆ తర్వాత పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. తొమ్మిది రోజుల కిందట దక్షిణం బురదలో, బెత్తెడు నీళ్ళే ఉండి పడవ పోలేనిచోట, గుంపుకు దూరంగా ఒక బాతు, మెడ వంకర. మర్నాడు అది చచ్చింది. ఆ తర్వాత రెండు, ఉత్తరాన. ఆ తర్వాత ఒక నీటికాకి. సోమవారానికి ముందే ఆరు పోయాయి. మా పడవ గొలుసులో ఉన్న మూడు రోజుల్లో నూట పన్నెండు. ఆ రోజు పొద్దుటి లెక్క కూడా అందులో ఉంది. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి, ఇలా మెడ వంకర పెట్టినవి ఇప్పుడేమైనా ఉన్నాయా అని అడిగింది.

"ఏడున్నాయి. రండి, చూపిస్తాను," అంది వదిన.

ఆఫీసు పడవలో వెళ్ళారు. డాక్టరమ్మ తల నుంచి పాదం దాకా తెల్లని తొడుగు వేసుకుంది, వదినకూ ఒకటి ఇచ్చింది. అది ఆవిడకు పొడుగైతే కాళ్ళ దగ్గర రెండు మడతలు పెట్టుకుంది. నేను గట్టు మీద నుంచి చూస్తున్నాను. వదిన పిడికిలెత్తలేదు, వేలు చాచి చూపించింది. గుంపు ఒకవైపు, ఆ ఏడింటిలో మూడు విడిగా ఒకవైపు. చివరిది మధ్యాహ్నం దాటదందట. డాక్టరమ్మ దాన్ని పట్టి గొంతులోంచి, తోక కింద నుంచి దూదిపుల్లలతో నమూనాలు తీసి సీసాల్లో పెట్టింది. ఇలా నాలుగింటికి తీశారు. తిరిగి గట్టుకు వచ్చేసరికి ఆ చివరి బాతు తల వాల్చేసింది. డాక్టరమ్మ ఒకసారి వెనక్కి చూసి, ఫలితం వచ్చేదాకా లైసెన్సు ముట్టుకోవద్దని ఆఫీసరుతో గట్టిగా చెప్పింది. అతను సరేనన్నాడు. మరేమంటాడు?

శని, ఆదివారాలు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు, వదిన తప్ప. ఆవిడ వేళకు తిని, వేళకు పడుకుని, వేళకు లెక్కకు వెళ్ళింది. నువ్వు కంగారు పడి ప్రయోజనం లేదే, అది వైరస్సే, వేరే మాట రాదు అంది. అంత నమ్మకంగా చెప్పే మనిషి ఇంట్లో ఉంటే ఎంత బలమో ఆ రెండు రోజుల్లో నాకు తెలిసింది. అన్నాళ్ళూ ఆవిడ మొండితనం మీద పెట్టుకున్న కోపమంతా సిగ్గుగా మారింది.

ఆదివారం సాయంత్రం ఆఫీసరే వచ్చాడు, ఆ రోజు బూట్ల నిండా బురద. నాలుగు నమూనాల్లోనూ ఫ్లూ వైరస్ ఉందట, పక్షులకు చాలా ప్రాణాంతకమైన రకమట. కేసు లేదు, లైసెన్సు ఎక్కడికీ పోదు, సరస్సు కొన్నాళ్ళు మూస్తారట, మళ్ళీ తెరిచిన రోజు పడవ నీళ్ళలో దించుకోవచ్చని చెప్పాడు. తప్పుగా అనుకున్నాను అని కూడా అన్నాడు, నేల చూస్తూ. నాకు అది చాలు. నేను కొట్టం దగ్గరికి పరుగెత్తి, పదడుగుల దూరం నుంచే మా ఆయనకు చెప్పాను. ఆయనకు జ్వరమూ లేదు, ఇప్పుడు నేరమూ లేదు. ఆయన లోపల నుంచి తలుపు మీద రెండు చేతులతో దరువు వేశాడు. అక్కకు చెప్పావా అని అడిగాడు.

వదిన కాపలా ఆఫీసు వెనక మెట్ల మీద ఉంది. ఆవిడకు అప్పటికే తెలుసు. మోకాళ్ళ మీద తల ఆనించి, వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోంది. ఎనిమిది నెలలకు పుట్టింటికి తిరిగొచ్చినప్పుడు కూడా కంటతడి పెట్టలేదని మా అత్తగారు చెప్పిన మనిషి. ఏమైంది వదినా, గెలిచాం కదా అన్నాను. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"విషమైతే బాగుండేది మరదలా. పెట్టినవాడి చెయ్యి పట్టుకుంటే ఆగిపోయేది. దీని చెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

ఆవిడ పక్కనే కూర్చున్నాను. వారం రోజులుగా ఆవిడ మా కోసం ఏం రుజువు చేస్తోందో అప్పుడు నా బుర్రకెక్కింది. తన తమ్ముడు దక్కాలంటే ఇది జబ్బన్న మాట నిజం కావాలి. ఆ మాట నిజమైతే ఇరవయ్యేడేళ్ళుగా తను పేరుపేరునా ఎదురుచూసే గుంపులన్నీ ఒక్కొక్కటిగా రాలిపోతాయి. మొదటి వంకర మెడ చూసిన రోజే ఆవిడకు ఇది తెలుసు. తెలిసీ మాకు ధైర్యం చెప్పింది, కంచాలు కడిగింది, ఏడు బాతుల దగ్గరికి దారి చూపించింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది.

ఇకపై రోజూ బతికినవి ఎన్నో, చచ్చినవి ఎన్నో రెండు లెక్కలూ కావాలని డాక్టరమ్మ కబురు పెట్టింది. చచ్చినవాటిని ఎప్పటికప్పుడు తీసి పూడిస్తే కొన్నైనా మిగులుతాయట. సోమవారం పొద్దున ఆఫీసు పడవకు తెడ్డు వేసే మనిషి లేడు, జబ్బంటే భయపడి మానేశాడు. నేను ముక్కుకు ముసుగు, చేతులకు తొడుగులు వేసుకుని వెళ్ళి తెడ్డు అందుకున్నాను. వదిన నన్ను ఎగాదిగా చూసి, ఒక పెన్సిలూ కాగితమూ నా ఒళ్ళో పడేసింది.

"చచ్చినవి నువ్వు లెక్కపెట్టు. కదలవు కాబట్టి కొత్తవాళ్ళకు తేలిక. బతికినవి నాకు వదిలెయ్."

గట్టు వెంట నెమ్మదిగా పోనిచ్చాను. తెల్లగా, బూడిదగా తేలుతున్న ఒక్కోదానికి ఒక్కో గీత గీశాను. కళ్ళు మసకబారితే ఆగి, మళ్ళీ గీశాను. వదిన ముందువైపు నిలబడి, చెయ్యి చాచి, పిడికిలెత్తి పెదవులు కదుపుతోంది. దక్షిణం బురద దాటి మధ్య తిన్నెల దగ్గరికి వచ్చేసరికి నా లెక్క అయిపోయింది, రెండు వందల ఆరు. అయిపోయిందని చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. తెడ్డు ఆపొద్దు, ముందుకు పోనీ అని చేత్తో సైగ చేసి, ఇంకా లెక్కపెడుతూనే ఉంది.